నాకు రాని భాషలో నా గొంతు

కరీంనగర్‌లో నా ముఖం ఎవరికీ తెలియదు, గొంతు తెలుసు. చీరల దుకాణంలో ఆషాఢం తగ్గింపు, కొత్త కోచింగ్ సెంటరు, నల్లాలు బంద్, పోలియో చుక్కలు, ఏ ఎన్నికలైనా ఏ గుర్తైనా, ఆటో మీద మైకులు కట్టుకుని గల్లీగల్లీ తిరిగే ఆడగొంతు చాలాకాలం నాదే. డిగ్రీలో తెలుగు సాహిత్యం చదివాను. బీఎడ్ చేశాను. టీచరు పోస్టు కోసం ఎదురుచూసీ చూసీ విసుగొచ్చి, బజారులో ఒక మేడ మీది ఇరుకు గదిలో మైకు ముందు నిలబడ్డాను. మా చుట్టాలు దీన్ని ఏనాడూ పని అని ఒప్పుకోలేదు. ఉత్త అరుపు, ఒర్రుడు అనేవారు. ఒక పెళ్లిలో మా చిన్నమ్మ వరసామె అందరి ముందర అడిగింది.

"ఏం బిడ్డా, ఇంకా ఒర్రుతనే ఉన్నవా?"

"ఒర్రితే నాకు పైసలిస్తున్నరు చిన్నమ్మా. నువ్వు ఉత్తగనే ఒర్రుతున్నవు."

ఆ తర్వాత ఆమె నన్ను ఏ పెళ్లిలోనూ పలకరించలేదు. నాకు ఇలాంటి లాభాలు చాలా ఉన్నాయి, నా నోటివల్ల.

వానాకాలం వస్తే నా పని ఉట్నూరు దిక్కు ఉండేది. ఏజెన్సీ ఊళ్లలో జ్వరాలు మొదలయ్యేవి. దోమతెరలు కట్టుకోండి, నీళ్లు కాచుకోండి, జ్వరం వస్తే ఆస్పత్రికి రండి అని చెప్పడానికి మైకు కట్టిన జీపు తిరిగేది. రికార్డు వేస్తే ఎవరూ వినడం లేదని మనిషినే పంపమన్నారు, నన్ను పంపారు. మొదటి ఊళ్లో నేను జీపు మీద నిలబడి, 'పరిసరాల పరిశుభ్రతను పాటించవలసిందిగా విజ్ఞప్తి' అని నా సాహిత్యమంతా ఒలకబోస్తుంటే, ఒక పడుచు పిల్ల చేతులు కట్టుకుని వింటూ నిలబడింది. ఆ ఊరి ఆశా వర్కర్. గోండుల పిల్ల.

"అక్కా, నువ్వు ఎవలకు చెప్తున్నవు?" అని అడిగింది.

"మీ ఊరోళ్లకే."

"మరి వాళ్లకు చెప్పినట్టు లేదు. కలెక్టర్‌కు చెప్పినట్టున్నది."

మైకు నా చేతిలోంచి తీసుకుని గోండిలో మొదలుపెట్టింది. ఊరు ఊరంతా గుడిసెల్లోంచి బయటికొచ్చి నవ్వడం మొదలుపెట్టింది. దిగాక అడిగాను, నేను రెండు ముక్కలు చెబితే నువ్వు అంతసేపు ఏం చెప్పావని.

"సగం నువ్వు చెప్పిందే అక్కా. సగం నీ మీద జోకులు. లేకుంటే ఎవలింటరు?"

అలా కుదిరింది మాకు. ఆమెకు నేను అక్కను, నాకు ఆమె చెల్లె. ఆ ఏడు ఆమెనే పంపమని అడిగాను, మరుసటి ఏడూ అడిగాను, తర్వాత అడగనవసరం లేకపోయింది. జీపు మీద ఇద్దరం, మైకు ఒకటి. ముందు నేను తెలుగులో చెప్పేదాన్ని, వెంటనే ఆమె గోండిలో అందుకునేది. నా గొంతు వినబడగానే ఆమె గొంతు వస్తుందని ఆ ఊళ్లకు తెలుసు. ఖానాపూర్ అడవుల అంచు నుంచి ఇటు ఇచ్చోడ దాకా మమ్మల్ని జంటగానే గుర్తుపట్టేవారు. మధ్యాహ్నం ఎవరి ఇంటి ముందో కూర్చుని జొన్నరొట్టె తింటూ పోట్లాడుకునేవాళ్లం. నేను చెప్పని జోకులు నా పేరు మీద చెబుతోందని నేను, చెప్పే మాటల్లో ఒక్క జోకూ లేకపోతే మనిషివేనా అని ఆమె.

గోండి మాత్రం నేర్చుకోలేదు. నేర్పమంటే నేర్పేది, జీపు ఉట్నూరు చేరేసరికి మర్చిపోయేదాన్ని. నీళ్లు, జ్వరం, రా, పో, అంతే నాకొచ్చింది. ఆమె పక్కన ఉన్నంతకాలం నాకు ఆ లోటు తెలియలేదు.

మొన్నటి పంచాయతీ ఎన్నికల్లో వాళ్ల ఊరి సర్పంచి పదవి మహిళకు వచ్చింది. ఆమె ఆశా పని మానేసి నామినేషన్ వేసింది. ఎందుకని ఎవరైనా అడిగితే వాగును చూపించేది. వాళ్ల ఊరి పక్కన వాగుంది. ఎండకాలంలో పైకి పారదు గానీ, ఇసుకలో చెలిమె తవ్వితే నీళ్లు ఊరతాయి. ఊళ్లో బోర్లు ఎండినా ఆ చెలిమెలే కాపాడేవి. రెండు మూడేళ్లుగా ఇసుక ట్రాక్టర్లు వాగులోకి దిగుతున్నాయి. ఇసుక పోతే చెలిమె పోతుంది. గ్రామసభ ఒప్పుకోకపోతే ఇసుక తీయడానికి లేదు, ఆ సభను నడిపేది సర్పంచి. అందుకని ఆమె నిలబడింది. ఎదురుగా కత్తెర గుర్తు మీద నిలబడ్డది అదే ఊరి ఇంకో గోండు ఇల్లాలు. పేరుకు ఆమె, మాటంతా ఆమె పెనిమిటిది. ట్రాక్టర్ల వాళ్లను ఊళ్లోకి తెచ్చింది ఆయనే.

"అక్కా, నా ప్రచారానికి నువ్వే చెప్పాలె" అంది.

"నీ నోరు చాలదా?"

"నా నోరు ఊరోళ్లకు రోజూ ఉన్నదే. నీ గొంతు వినవడితే సర్కారు పని లెక్క ఉంటది."

మా కరీంనగర్ గదిలోనే రికార్డు చేసి పంపాను. ఉంగరం గుర్తుకు మీ ఓటు అని. తెలుగులో. నా ముక్క అయిపోగానే ఆటోలో కూర్చుని ఆమె గోండిలో చెప్పుకుంది, ఎప్పటిలాగే. గెలుస్తుందని నాకు అనుమానమే లేదు. అటువైపు వాళ్లకు కూడా లేదనుకుంటాను.

ఓట్ల రోజు పొద్దున నేను ఇంకా చాయ్ పెట్టుకుంటున్నాను. ఆమె ఫోన్ చేసింది.

"అక్కా, ఒక్క మాట నిజం చెప్పు. పొద్దుగాల మా ఊరోళ్లకు ఫోన్ చేసినవా?"

"నేనింకా మొహమే కడుక్కోలే. ఏమైంది?"

"అందరికి నీ ఫోన్ వచ్చిందంటున్నరు. నేను పోటీల నుంచి తగ్గిన్నని, పెద్దమనుషుల్ల మాటైందని, కత్తెరకు ఎయ్యుండ్రని చెప్పినవట."

"ఎవడన్నడు? నా నంబరేనా అది?"

"నంబరు ఏదో కొత్తది. గొంతు నీదే, నేను గూడ విన్న."

"ఎవతో తెలుగుల మాట్లాడితే నేనేనా?"



"తెలుగుల కాదక్కా. మా మాటల."

నేను గట్టిగానే నవ్వాను. "ఇంకేం మరి, నేను కాదని అక్కడ్నే తేలిపోయె. నాకు మీ మాట వస్తదానే?"

"నాకు ఎరుకే, రాదని. వాళ్లకెట్ల ఎరుక?"

నవ్వు ఆగిపోయింది. వీడియో కాల్ చేస్తాను, అందరికీ చూపించమన్నాను. మామూలు ఫోన్ తప్ప ఊళ్లో ఏదీ అందదని, వీడియోకు గుట్ట ఎక్కాలని, ఊరినంతా గుట్ట ఎక్కించాలా అని అడిగింది. పోలింగు దగ్గర నిలబడి నువ్వే చెప్పమన్నాను. అక్కడ మాట్లాడితే పోలీసులు ఊరుకోరని, ఊరుకున్నా ఓడిపోతానని భయపడి చెబుతోందనుకుంటారని అంది. ప్రతిదానికీ జవాబు ఆమె దగ్గర ఉంది. అన్నీ ఆలోచించుకునే నాకు ఫోన్ చేసినట్టుంది. చివరికి, వాళ్ల వదిన ఫోన్‌లో ఆ మాటలు రికార్డయ్యాయని, గుట్టెక్కి పంపుతున్నానని పెట్టేసింది.

అది వచ్చింది. విన్నాను.

నా గొంతే. అనుకరణ అనడానికి లేదు. ముఖ్యమైన మాటకు ముందు నేను ఒక చిన్న ఊపిరి తీసి ఆగుతాను, అది కూడా ఉంది. వాక్యం చివర నా గొంతు కొంచెం కిందికి దిగుతుంది, దిగింది. ఎదుటివాళ్లు పెద్దవాళ్లయితే వచ్చే మెత్తదనం కూడా ఉంది. భాష ఒక్కటే నాది కాదు. ఆ గొంతు గడగడా గోండి మాట్లాడింది, ఎక్కడా తడబడకుండా, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అదే మాట్లాడుతున్నట్టు. ఒక్క ముక్క అర్థం కాలేదు నాకు. మధ్యలో ఆమె పేరు వచ్చినప్పుడు మాత్రం తెలిసింది, ఎంతో ప్రేమగా పలికానది. నేను మామూలుగా ఆమెను అంత ప్రేమగా పిలవను. చాయ్ పొంగి పొయ్యి మీద పోయింది.

దొరికిన బస్సెక్కాను. జగిత్యాల, ఖానాపూర్ దాటి ఉట్నూరు చేరి, జీపు పట్టుకుని ఊరికి వెళ్లేసరికి మధ్యాహ్నం లెక్కింపు కూడా అయిపోయింది. దారి మలుపులోనే డప్పులు వినబడ్డాయి. ఆమె ఇల్లు ఊరికి ఇటు చివర, డప్పులు అటు చివర. అంతే, తెలిసిపోయింది. తక్కువ ఓట్లతోనే పోయిందని జీపులో ఎవరో అన్నారు.

ఆమె వాకిట్లో నలుగురైదుగురు ఆడవాళ్లు కూర్చున్నారు. ఆమె పొయ్యి దగ్గర రొట్టె కొడుతోంది. నేను కనబడగానే ఒక ముసలవ్వ లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. ఆమె నాకు ఎప్పటినుంచో తెలుసు, జీపు వస్తే మొదట వచ్చి నిలబడేది, తెలుగు రాదు. నా చేతులు ఊపుతూ గోండిలో ఏదో చెప్పింది. చాలాసేపు చెప్పింది. ముఖమంతా నవ్వు. చెప్పి ఆగి, నా జవాబు కోసం చూసింది.

ఆమె ఇంకోసారి అడిగింది, ఈసారి కొంచెం గట్టిగా, చెవిటివాళ్లకు చెప్పినట్టు. మళ్లీ చూసింది. పక్కవాళ్లు కిసుక్కున నవ్వారు.

నా చెల్లె పొయ్యి దగ్గర నుంచే, రొట్టె మీంచి చూపు తిప్పకుండా చెప్పింది. "పొద్దున ఫోన్ల మస్తు మంచిగ మాట్లాడినవట. మా మాట నేర్చుకున్నవని అందరు సంబురపడ్డరట. ఇప్పుడు మనిషి ముందర సిగ్గెందుకు పడుతున్నవని అడుగుతుంది."

"నేను కాదని చెప్పు."

"చెప్పిన. మళ్ల చెప్పాల్నా?"

చెప్పింది. ముసలవ్వ విని, నన్ను చూసి, నా చేతులు మెల్లగా వదిలేసింది. నమ్మలేదు. నేను సిగ్గుపడుతున్నాననే అనుకుంది. లేదంటే చేసిన పనికి భయపడుతున్నానని.

ఆడవాళ్లు వెళ్లాక ఇద్దరం రొట్టెలు ముందు పెట్టుకుని కూర్చున్నాం. ఇద్దరమూ తినలేదు.

"ఒక్కళ్లన్నా వచ్చి నిన్ను అడగాలె గదనే. నిజంగ తగ్గినవా అని. పక్కపక్క ఇండ్లేనాయె."

"ఎట్ల అడుగుతరు? పెద్దమనుషుల్ల మాటైనంక తగ్గినోళ్ల ఇంటికి పోయి అడుగుడు మా దిక్కు తప్పు. ఉన్న పరువు గూడ తీసినట్టు. నేనైనా అడుగకపోదును." పొయ్యిలో కట్టె వెనక్కి లాగింది. "నా ముందరనుంచే పోయిన్రక్కా. నా మొహం దిక్కు చూడలే. నాకు బాధైతదని చూడలే. ఒకామె నా భుజం మీద చెయ్యేసి పోయింది. నాకు ఓటేసిందనుకున్న."

నేను రొట్టెలు ఆమె వైపు జరిపాను.

"నా మీద కోపమున్నదా?"

"నీ మీదెందుకుంటది." రొట్టె తుంచి పక్కన పెట్టింది. "ఒక్కటి చెప్పనా? అది విన్నప్పుడు నాకు గూడ ఒక్క క్షణం సంబురమైంది. అక్క మా మాట నేర్చుకున్నది, నాకు చెప్పకుంట దాసిపెట్టింది అనిపించింది. అందుల ఏం చెప్తున్నదో తర్వాత సమజైంది."

ఆ మాట అని ఆమె మామూలుగా గిన్నెలు సర్దడానికి లేచింది.

కరీంనగర్ వచ్చి నేరుగా రికార్డింగు గది మెట్లెక్కాను. దాన్ని నడిపేవాడు నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అంటాడు. చాయ్ తెప్పిస్తానన్నాడు.

"చాయ్ తర్వాత. నా గొంతు ఎవలకిచ్చినవు తమ్మీ?"

"ఏ గొంతక్కా?"

"నాకు ఎన్ని గొంతులున్నయి?"

నవ్వాడు. నేను నవ్వలేదని చూసి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ఇచ్చుడేమున్నదక్కా, ఊరంత మీ గొంతే. ఆటో వెనుక నిలవడి ఫోన్ల రికార్డు చేసుకున్నా సరిపోతది. ఇప్పుడు చిన్న ముక్క ఉంటే చాలు, కంప్యూటరే తయారు చేస్తది."

"నేను అడిగింది గది కాదు."

"ఉట్నూర్ దిక్కు నుంచి ఒకాయన వచ్చిండు. పాత ఆరోగ్యం ఫైళ్లు గావాలె, మళ్ల ప్రచారం చేస్తరట అన్నడు. మంచి పనే గదా అని ఇచ్చిన. ఆయన ఏం చేసుకున్నడో నాకేమెరుక?"

"నాకు రాని భాష నాతోని మాట్లాడిచ్చిండ్రురా."

"ఏ భాషంటే ఆ భాషక్కా ఇప్పుడు. నేను గూడ మీతోని మరాఠీ, హిందీ చేపిద్దామనుకుంటున్న. మీరు మెట్లెక్కి వచ్చే పని గూడ ఉండదు."

"నాకు చెప్పకుంటనే?"

"చెప్తే కొట్లాడుతరు గదక్కా మీరు."

కొట్లాడాను. మేడ కింది చెప్పుల దుకాణం వాళ్లు కూడా బయటికొచ్చి పైకి చూశారు. అతను ఓపికగా విన్నాడు. చివరికి నిజంగానే బాధపడుతూ అన్నాడు. "మీ గొంతును ఖరాబు చేయలేదక్కా. ఎంత మంచిగ మాట్లాడిచ్చిండ్రు. మీకు జలుబున్నప్పుడు గూడ అంత మంచిగ రాదు." ఇందులో తప్పేమిటో అతనికి ఎంత చెప్పినా ఎక్కలేదు. ఎక్కించడానికి నా దగ్గర మాట కూడా లేదు. దొంగతనం అందామంటే నా గొంతు నా దగ్గరే ఉంది.

ఠాణాలో ఇంకో రకం. అక్కడి సార్ మర్యాదస్తుడు, కూర్చోమని కుర్చీ చూపించాడు, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు విన్నాడు.

"ఇది మీ గొంతేనా మేడం?"

"నా గొంతే సార్. కానీ నేను కాదు."

"మీ గొంతే, మీరు కాదు." నా వంక చూశాడు. "ఎట్ల రాసుకోవాలె మేడం నేను దీన్ని?"

"నాకు గోండి రాదు సార్. అంతకన్న రుజువేం కావాలె?"

"రాదని రుజువెట్ల? వచ్చిందంటే మాట్లాడిచ్చి చూడొచ్చు. రాదంటే నోరు మూసుకుని కూసుంటే ఎవలకైనా రాదు."

చూస్తామన్నాడు. ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు.

ఈ మధ్య మా ఊళ్లో ఒక పెద్ద హాలులో మీటింగు పెట్టారు. కృత్రిమ మేధ అని స్క్రీన్ మీద ఇంతింత అక్షరాలు. కోటు వేసుకున్న ఒకతను చెప్పాడు, ఇకనుంచి అడవిలో ఉన్న ఆఖరి మనిషికి కూడా సర్కారు అతని భాషలోనే మాట్లాడుతుందని. చప్పట్లు. నేను లేచి అడిగాను, ఆ ఆఖరి మనిషి తిరిగి మాట్లాడితే వినడానికి అటువైపు ఎవరుంటారని. మంచి ప్రశ్న అన్నాడు. మంచి ప్రశ్న అన్నారంటే జవాబు లేదని. ఇన్నేళ్లు ఆ ఊళ్లలో తిరిగాను. గోండి వచ్చిన డాక్టరు నాకు ఒక్కరు తగల్లేదు. జ్వరంతో వచ్చిన తల్లి ఎక్కడ నొప్పో చెప్పడానికి ఇంటి దగ్గరి నుంచి తెలుగు వచ్చిన మనిషిని తోడు తెచ్చుకోవాలి. ఆ భాష నేర్చుకోవడానికి ఎవరికీ తీరిక దొరకలేదు, నాతో సహా. ఒక ఊరి ఓట్లు కాజేయడానికి మాత్రం గోండి రాత్రికి రాత్రి వచ్చేసింది. ముందు వచ్చింది అబద్ధమే. వాళ్ల భాషలో ఫోన్ మోగి, వాళ్లను గౌరవంగా పలకరించి, వాళ్లకు పనికొచ్చే విషయం చెబుతున్నట్టు మాట్లాడిన మొట్టమొదటి గొంతు నాది, అందులో ఒక్క నిజమూ లేదు.

కొత్త సర్పంచి వచ్చాక ఇసుక గురించి గ్రామసభ పెడుతున్నారని తెలిసింది. వస్తానన్నాను. వద్దంది నా చెల్లె.

"వచ్చి ఏం చేస్తవక్కా?"

"నిలవడి చెప్త. ఫోన్ల అయితే నమ్మరు, మనిషిని చూస్తే ఎందుకు నమ్మరు? ఆ తర్వాత ఇసుకకు చేతులెత్తుతరో లేదో వాళ్లే తేల్చుకుంటరు."

"నువ్వు అన్నిటికి వాదిస్తే అయితదనుకుంటవు."

"కాకపోతే ఏమైతది?"

ఫోన్ పెట్టేసింది. వెళ్లాను.

బడి వరండాలో సభ. సర్పంచమ్మ కుర్చీలో కొంగు సర్దుకుంటూ కూర్చుంది, మాట్లాడింది ఆమె పెనిమిటి. నన్ను చూసి ఎదురొచ్చి రామ్ రామ్ చెప్పాడు. "రాండ్రి మేడం. మీ గొంతు మాకు ఎన్నో ఏండ్లాయె ఎరుకై. మైకియ్యాల్నా?"

మైకు లేకుండానే చెప్పాను. ఆ ఫోన్ నేను చేయలేదు. అది మిషన్ తయారుచేసిన గొంతు. మీ ఆడబిడ్డ తగ్గలేదు, ఏ పెద్దమనుషుల్లోనూ మాట కాలేదు. ఆమె నిలబడ్డది వాగు కోసం. ఇంతే. నా జీవితంలో ఇంత చిన్న ప్రసంగం చేయలేదు. తెలుగు వచ్చినవాళ్లు అక్కడ చాలామందే ఉన్నారు. వాళ్లు విని నేల చూపులు చూశారు. రానివాళ్లు నా ముఖం చూస్తున్నారు, ముందు వరసలో ఆ ముసలవ్వ కూడా.

"గోండిల చెప్పుండ్రి మేడం" అన్నాడు ఆయన, చాలా మర్యాదగా. "ముసలోళ్లున్నరు. ఆ దినం మంచిగ చెప్పిండ్రు."

"నాకు రాదు."

"రాదా?" అందరివైపు తిరిగి గోండిలో ఏదో అన్నాడు. వరండా అంతా గొల్లున నవ్వింది. మళ్లీ నాకు తెలుగులో చెప్పాడు. "ఇన్నేండ్ల సంది తిరుగుతున్నరు మా నడుమ. రాదంటే మేం నవ్వమా?"

రాదు అన్నది నిజం. ఆ నిజం అక్కడ నాకు ఎంత తలవంపుగా ఉందో, అబద్ధమైతే ఎంత బాగుండేదనిపించింది. పక్కకు చూశాను. నా చెల్లె గోడకు ఆనుకుని ఉంది. చూస్తే లేచింది. ఎప్పటిలాగే నేను ఆపిన చోట అందుకుంది. గోండిలో మొదలుపెట్టింది. ఈసారి జోకులు లేవు, ఎవరూ నవ్వలేదు. నాలుగు మాటలైనా అయ్యాయో లేదో ఆయన చెయ్యి ఎత్తాడు.

"ఆగు బాయి. ఓడినామె నువ్వే, మేడం మాట చెప్పేటామె నువ్వే. మేడం ఏమన్నదో, నీకు కావల్సింది నువ్వేమంటున్నవో మాకెట్ల ఎరుక?"

ఆయన దొంగే, అడిగింది మాత్రం సరైన ప్రశ్న. తెలుగు వచ్చినవాళ్లు ఎవరైనా లేచి, మేడం అన్నది ఇదే అని చెప్పవచ్చు. ఇద్దరు ముగ్గురి ముఖాలు చూసి అడిగాను కూడా. వాళ్లు ఆయనతో అదే ఊళ్లో బతకాలి, నేను సాయంత్రం జీపెక్కి పోయేదాన్ని. ముసలవ్వ ఒక్కతే ఏదో అడిగింది.

"ఏమంటుంది?" అన్నాను.

"ఫోన్ల మాట్లాడిన బాయి నువ్వు కాకుంటే, ఆమె ఎవలు అంటుంది. ఆమెనే తోల్కరా అంటుంది. ఆమె వచ్చి చెప్తే నమ్ముతదట."

నేను మళ్లీ మొదలుపెట్టబోయాను. నా చెల్లె నా మోచేయి పట్టుకుని ఆపింది. "ఊకో అక్కా. ఇగ చాలు." తిరిగి గోడ దగ్గరికి వెళ్లి కూర్చుంది. ఇసుక మాట వచ్చినప్పుడు చేతులు లేచాయి. ఎన్ని లేచాయో నేను చూడలేదు, ఆమె కూడా చూడలేదు.

నేను ఆ పని మానేశాను. నేను మానేసినా నా గొంతు మానలేదు. కూరగాయల మార్కెట్‌కు పోతే నా పక్కనుంచే నా గొంతు పెరుగు ప్యాకెట్ల మీద తగ్గింపు చెప్పుకుంటూ పోతుంది, జలుబు లేకుండా. దాంతో పోట్లాడలేను. ఆటో నడిపేవాడికి నేనెవరో తెలియదు.

నా చెల్లె ఫోన్ ఎత్తదు. మొదట్లో కోపమనుకుని వాళ్ల వదిన ఫోన్‌కు చేశాను. ఆమె తీసుకుపోయి ఇచ్చింది.

"ఎందుకెత్తవే? కోపముంటే తిట్టు, పడుత."

"కోపం కాదక్కా. ఫోన్ల నీ గొంతు వినవడితే భయమైతది. నువ్వే అని నాకెట్ల ఎరుక?"

"నేనే. ఇన్నేండ్లు నీ ముందర కూసుని రొట్టె తిన్న దాన్ని. ఏదన్న అడుగు, చెప్త."

"అడుగుడు, చెప్పుడు, గదంత ఎందుకక్కా మన నడుమ?" అంది. "రాబుద్ధైతే రా. ఫోన్ చెయ్యకు."

ఎండకాలంలో వెళ్లాను. ముందు చెప్పలేదు, చెప్పాలంటే ఫోనే కదా దారి. ఇంట్లో లేదు, వాగు దగ్గర ఉందన్నారు. దిగి వెళ్లాను. వాగు నిండా ట్రాక్టర్ల చాళ్లు. ఇసుక పోయి కింది బంకమన్ను, రాళ్లు బయటపడ్డాయి. ఆడవాళ్లు బిందెలు పెట్టుకుని ఒక లోతు గుంట చుట్టూ కూర్చున్నారు. అందులో నా చెల్లె దిగి గిన్నెతో తోడుతోంది. నీళ్లు ఊరేదాకా ఆగి, ఒక గిన్నె, మళ్లీ ఆగి, ఒక గిన్నె. మట్టి రంగు నీళ్లు. నన్ను చూసింది. తల ఊపింది, పైకి రాలేదు.

ఒడ్డున ముసలవ్వ ఉంది. ఆమె కూడా నన్ను చూసింది. ఈసారి చేతులు పట్టుకోలేదు. గుంట వైపు, చాళ్ల వైపు చెయ్యి చూపిస్తూ నాతో చాలాసేపు మాట్లాడింది. గొంతు పెంచలేదు. చివర్లో ఒక ప్రశ్న లాంటిది అడిగి, నా జవాబు కోసం ఆగలేదు, అవతలికి తిరిగి బిందె సర్దుకుంది.

గుంటలోకి వంగి అడిగాను. "ఏమన్నదే?"

నా చెల్లె గిన్నె వంచుతూ నా వంక చూసింది. ఎన్నో ఏళ్లు నేను ఆపిన చోటల్లా అందుకున్న మనిషి. చెబుతుందనుకున్నాను.

"ఏం లేదక్కా" అంది. "జర బిందె పట్టుకో."

పట్టుకున్నాను.